తెర మీద ఎవరి పేరు? ఇంటరాక్టివ్ పాఠాలు, వెనక బెంచీ

ఆన్‌లైన్ చదువు గురించి తెలుగులో ఇప్పటిదాకా జరిగిన చర్చ రెండు మాటల మధ్యనే తిరుగుతోంది. ఒకటి, టెక్నాలజీ వచ్చేసింది కాబట్టి ఇక అందరికీ సమానమైన చదువు వచ్చేసినట్టే అని. రెండోది, మన పిల్లల దగ్గర ఫోన్లు లేవు, నెట్ లేదు, కాబట్టి ఇదంతా ఉన్నోళ్ళ వ్యవహారం అని. మొదటి మాట అబద్ధమని చెప్పడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. రెండో మాట నిజమే గానీ సగం నిజం. అది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వస్తువు లేకపోవడం గురించి మాట్లాడుతుంది తప్ప, వస్తువు వచ్చాక తరగతి గదిలో ఏం జరుగుతుందో అడగదు. ఊళ్ళోకి బావి రావడం వేరు, ఆ బావిలో చేద వేసే హక్కు రావడం వేరు. ఈ సంగతి మనకంటే బాగా తెలిసినోళ్ళు ఎవరున్నారు?

లేమి సంగతి ముందు చెప్పేసి ముందుకు పోదాం. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండు ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. రెండేళ్ళు తిరక్కుండానే కరోనా వచ్చింది, బడులు మూతపడ్డాయి, చదువు మొత్తం ఫోన్లోకి వెళ్ళిపోయింది. 2020 జూన్ 1న కేరళలో టీవీ, ఆన్‌లైన్ పాఠాలు మొదలైన రోజునే మలప్పురం జిల్లాలో బడిలో చదివే ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. తండ్రి కూలి. ఇంట్లో టీవీ చెడిపోయింది, స్మార్ట్‌ఫోన్ లేదు. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల పిల్లల మీద సర్వే చేయించారు. గ్రామాల్లోని దళిత, ఆదివాసీ పిల్లల్లో క్రమంగా ఆన్‌లైన్లో చదువుతున్నవాళ్ళు 4 శాతమేనని తేలింది. అదే గ్రామాల్లో ఇతర కులాల పిల్లల్లో 15 శాతం. అందరూ పేదలే అయినా తేడా అంత ఉంది. పేదరికం ఒక్కటే చెప్పలేని సంగతి ఇక్కడ ఉంది. దాని పేరు కులం.

ఇంతవరకూ చాలామంది చెప్పారు. మేము అడగదల్చుకున్నది వేరే ప్రశ్న. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లోకి, సంక్షేమ వసతి పాఠశాలల్లోకి ట్యాబులు వచ్చాయి, తాకితే పలికే పెద్ద తెరలు వచ్చాయి. క్విజ్‌లు, బొమ్మల ప్రయోగాలు, ఆటలు వచ్చాయి. వీటన్నిటినీ కలిపి 'ఇంటరాక్టివ్' అంటున్నారు. అంటే పిల్లవాడు వినడమే కాకుండా తిరిగి ఏదో చేస్తాడు, పాఠం దానికి స్పందిస్తుంది అని అర్థం. మంచిదే. అయితే పిల్లవాడు తిరిగి పలకడం అనేది ఏ తరగతి గదిలో? ఎవరు చూస్తుండగా? పలికింది తప్పయితే ఏమౌతుంది? ఈ సాధనాల మీద వచ్చే పొగడ్తల్లో గానీ తెగడ్తల్లో గానీ ఈ ప్రశ్నలు లేవు.

బోర్డు దగ్గరికి పోవడం అనేది మన చరిత్రలో మామూలు సంగతి కాదు. సాతారాలో అంబేద్కర్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దాని మీద కూర్చున్నాడు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో టీచరు ఆయన్ని లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు మైలపడతాయని సవర్ణ పిల్లలు పరిగెత్తుకెళ్ళి తీసేసుకున్నారని జీవిత చరిత్ర రాసిన ధనంజయ్ కీర్ చెప్తాడు. టీచరు పిలిచాడు, పిల్లవాడు లేచాడు, లెక్క వచ్చు కూడా. అయినా ఆ నాలుగడుగుల నడకలో కులం అడ్డొచ్చింది. తరగతి గది అనేది కొలత వేసి గీసిన ఊరు. ముందు బెంచీ, వెనక బెంచీ, నీళ్ళ కుండ, బోర్డు – అన్నిటికీ అందులో స్థలాలున్నాయి. ఆ ఊళ్ళోకి టచ్ స్క్రీన్ వచ్చింది. 'తాకడం' అన్న మాటను కంపెనీలోళ్ళు ఎంత తేలిగ్గా వాడతారో! 1991లో చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు రెడ్డి కుర్రాడికి తగిలిందన్న తగాదా పెరిగి పెరిగి ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ఊచకోత దాకా వెళ్ళింది. తాకడం తాకకపోవడం మీద నిలబడ్డ సమాజంలో, తెరను ముందు ఎవరు తాకుతారు, ఎవరు దూరం నుంచి చూస్తారు అన్నది సాంకేతిక ప్రశ్న ఎట్లా అవుతుంది?

మాకు తెలిసిన ఒక టీచరు సంక్షేమ వసతి పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్తారు. మాదిగ గూడెం నుంచి చదువుకుని వచ్చిన మొదటి తరం మనిషి. రెండేళ్ళుగా దొరికిన ప్రతి ఆన్‌లైన్ సాధనాన్నీ తన క్లాసులో వాడి చూస్తున్నారు, ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. అందులో ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయన్న గడి లేదు. 'ఈ రోజు ఎవరు మాట్లాడలేదు' అన్న గడి ఉంది. ఈ ఒక్క గడి వల్ల ఆయన పరిశీలన మిగతా సమీక్షల కంటే వేరుగా ఉంది. మేము ఈ వ్యాసంలో చేస్తున్న విమర్శకు ఆ గడే ఆధారం.

ముందు క్విజ్ సాధనాల సంగతి చూద్దాం. పిల్లలు అన్నిటికంటే ఇష్టపడేవి ఇవే. వీటిలో పేరుపడ్డది 2013లో నార్వే నుంచి వచ్చిన కహూట్. గోడ మీది తెర పైన ప్రశ్న పడుతుంది. పిల్లల చేతుల్లో ఎర్ర త్రిభుజం, నీలం వజ్రం, పసుపు వృత్తం, పచ్చ చదరం. గడియారం వెనక్కి నడుస్తుంటుంది, సంగీతం మోగుతుంటుంది. ఒకటి నొక్కాలి. ప్రతి ప్రశ్న తర్వాత మొదటి ఐదుగురి పేర్లు తెర మీదికి వస్తాయి. చివర్లో ముగ్గురు పోడియం ఎక్కుతారు. గది దద్దరిల్లిపోతుంది. ఇంతసేపూ కునుకు తీసిన క్లాసు ఒక్కసారి లేచి కూర్చుంటుంది. ఏ టీచరుకైనా ఇది చూస్తే ముచ్చటేస్తుంది, కాదనం.

అయితే మార్కులు ఎట్లా వేస్తుందో చూడాలి. మామూలుగా వచ్చే పద్ధతిలో సరైన జవాబుకు 1000 పాయింట్లు. కానీ ఆలస్యమైన కొద్దీ తగ్గుతాయి. గడువు చివరి క్షణంలో సరిగ్గా నొక్కినవాడికి సగమే దక్కుతుంది. ప్రశ్నకు 20 సెకన్ల గడువు అనుకుందాం. ఒక పిల్ల 5 సెకన్లలో సరిగ్గా నొక్కింది, 875 పాయింట్లు. ఇంకో పిల్ల 15 సెకన్లలో అదే జవాబు సరిగ్గా నొక్కింది, 625. పది ప్రశ్నలకూ ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. మిగతా బోనసులు పక్కన పెడితే ఒకరికి 8750, ఇంకొకరికి 6250. ఇద్దరికీ తెలిసింది ఒక్కటే. తెర మాత్రం ఒకరు తెలివైనవాళ్ళని, ఇంకొకరు కాదని చెప్తోంది.

ఆ పది సెకన్లు ఎక్కడికి పోయాయి? అడగాల్సిన ప్రశ్న ఇదే. ప్రశ్న ఇంగ్లీషులో ఉంది. రెండో పిల్ల దాన్ని కూడబలుక్కుని చదవాలి, పుస్తకం తెలుగులోకి మార్చుకోవాలి, అక్కడి నుంచి ఇంటి తెలుగులోకి తెచ్చుకోవాలి. ఇంట్లో ఫోను నాన్న పనికి పోతూ తీసుకుపోతాడు కాబట్టి వేలికి తెర అలవాటు లేదు. తప్పు నొక్కితే పక్క పిల్ల నవ్వుతుందేమోనని ఒకసారి అటు చూడాలి. జవాబు తెలిసినా నిజంగా తెలుసా అని తనను తానే మళ్ళీ అడగాలి, ఎందుకంటే నీకు తెలీదని చిన్నప్పటి నుంచీ చెప్పినోళ్ళున్నారు. ఈ పది సెకన్లూ తరతరాల నుంచి వచ్చినవి. మొదటి పిల్ల వేగం కూడా అట్లాగే తరతరాల నుంచి వచ్చింది. ఒకరికి ఆస్తిగా వచ్చింది, ఇంకొకరికి అప్పుగా వచ్చింది. దాన్ని పాయింట్లుగా మార్చి గోడ మీద రాస్తే దానికి 'మెరిట్' అని పేరొస్తుంది. 1990లో మండల్ సిఫార్సుల మీద వీధుల్లోకొచ్చి అరిచిన మెరిట్ ఏ మెరిట్టో మనకు తెలుసు. అది ఇప్పుడు సంగీతం పెట్టుకుని, రంగులు వేసుకుని, ఎనిమిదో తరగతి గదిలోకి ఆట రూపంలో వచ్చింది. నార్వేలో దాన్ని చేసినోళ్ళకు కులం తెలియకపోవచ్చు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. వేగాన్ని తెలివిగా లెక్కగట్టే ప్రతిచోటా మన దగ్గర కులం తన పని తాను చేసుకుపోతుంది.

ఇక్కడ మన మిత్రులే ఒక అభ్యంతరం చెప్తారు. అది బలమైన అభ్యంతరం. మన పిల్ల మొదటి స్థానంలో నిలబడితే? ఆ తెర మీద మాల పిల్ల పేరో మాదిగ పిల్ల పేరో అందరికంటే పైన వెలిగితే? దాచుకోమంటారా? 2014 మే 25న సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ప్రతి హాస్టల్లో పిల్లలు తామే ఎక్కినట్టు ఎగిరారు. అందరూ చూస్తుండగా గెలవడం అనేది వెలివాడకు చిన్న విషయం కాదు. నిజమే. దీన్ని మేము కొట్టిపారెయ్యడం లేదు. కాకపోతే ఎవరెస్ట్ ఎక్కనివాళ్ళ పేర్లను మూడు నిమిషాలకొకసారి ఎవరూ లెక్కగట్టలేదు. క్విజ్ తెర మీద ఐదుగురు కనిపిస్తారు. కనిపించని ముప్పై ఐదుగురు తాము కనిపించడం లేదన్న సంగతిని ప్రశ్న ప్రశ్నకూ నేర్చుకుంటారు. ఇట్లాంటి ఒక క్విజ్ నాలుగోసారి ఆడించిన రోజున మన టీచరు నోటుపుస్తకంలో 'మాట్లాడనివారు' అన్న గడిలో ఆరు పేర్లున్నాయి. ఐదోసారికి తొమ్మిదయ్యాయి. ఆట మీద మోజు పెరిగే కొద్దీ గడి కూడా పెరిగింది. జవాబులు నొక్కుతున్నారు గానీ నోరు తెరవడం లేదు. ఇంటరాక్టివ్ అంటే ఇదేనా?

పేరు సంగతి ఇంకా లోతైనది. ఈ సాధనాలు మొదట అడిగేది పేరు. తెలుగు నేల మీద ఇంటిపేరు చెప్తే చాలు, ఇక కులం అడగనక్కర్లేదు. రిజిస్టరులో ఉన్న పేర్లనే టీచరు యథాతథంగా ఎక్కిస్తే, 'ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలొచ్చాయి' అని అరిచే పాత పద్ధతికి కొత్త తెర దొరికినట్టే. కహూట్‌లో ముద్దుపేరు పెట్టుకోవచ్చు, లేదంటే సాధనమే ఏదో ఒక సరదా పేరు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. చాలామంది టీచర్లు ఎవరు ఏం చేశారో తెలియాలని దాన్ని వాడరు. వాడితే మంచిదే. అయినా పేరు దాచేస్తే సమస్య తీరిపోతుందా? 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా మనకు నేర్పింది దీనికి సరిగ్గా ఎదురు పాఠం. తలదించుకుని దాచుకున్న కులం పేరును తలెత్తి ఇంటిపేరులాగా తగిలించుకున్నారు. మంద కృష్ణ మాదిగ అన్నప్పుడు చివరి మాటలోనే ఉద్యమం అంతా ఉంది. పేరు చెప్పుకోవడం పోరాటమైన నేల మీద పేరు దాచుకోమని పిల్లలకు నేర్పడం ఏ రకం విముక్తి?

మా అభిప్రాయం ఇది. తప్పు చేసేటప్పుడు చాటు కావాలి, చెప్పదల్చుకున్నప్పుడు పేరు కావాలి. ఎప్పుడు ఏది అన్నది పిల్లవాడి చేతిలో ఉండాలి. టీచరు చేతిలోనో యంత్రం చేతిలోనో కాదు. ఏ సాధనాన్ని చూసినా మేము ముందు దీన్నే అడుగుతాం. కహూట్‌లోనే గడువు పెంచవచ్చు, పాయింట్లు తీసెయ్యవచ్చు, జట్లుగా ఆడించవచ్చు. కాబట్టి నింద మొత్తం సాధనం మీద వేసి టీచర్లు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఏమీ మార్చకుండా వదిలేస్తే అది ఎవరి పక్షాన నిలబడుతుందో తెలుసుకోవాలి, అంతే. ఏమీ మార్చకుండా వదిలేస్తే మన సమాజమూ వాళ్ళ పక్షానే నిలబడుతుంది మరి.

ఈ కొలబద్దతో చూస్తే అన్నిటికంటే చవకైన సాధనం మాకు ముఖ్యమైనదిగా కనిపించింది. ప్లికర్స్ అని ఉంది. పిల్లల దగ్గర ఫోనూ అక్కర్లేదు, ట్యాబూ అక్కర్లేదు. కాగితం మీద అచ్చు వేసిన నల్లని గళ్ళ బొమ్మలు నలభై ఉంటాయి, పిల్లకొకటి. ఏ రెండూ ఒకలా ఉండవు. నాలుగు పక్కలా చిన్న అక్షరాల్లో ఏ, బి, సి, డి. జవాబు ఏదనుకుంటే ఆ పక్క పైకి వచ్చేట్టు కార్డు తిప్పి పట్టుకోవాలి. టీచరు తన ఫోను కెమెరాను గది మీదుగా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో ఆ ఫోనుకు తెలుస్తుంది. పక్క పిల్లకు తెలియదు. అక్షరాలు అంత చిన్నగా వెయ్యడంలోనూ, కార్డులు ఒకదానితో ఒకటి పోలకుండా చెయ్యడంలోనూ ఉన్న ఆలోచనే ఇది: పక్కవాడిని చూసి తిప్పలేవు, నీ తప్పు పక్కవాడికి కనపడదు. వేగానికి ఎక్కువ తక్కువలు లేవు. అందరూ తిప్పేదాకా టీచరు ఆగవచ్చు. వెనక బెంచీ నుంచి కూడా కార్డు కనిపిస్తుంది. చెయ్యెత్తమంటే ఎప్పుడూ ఎత్తని పిల్లలు కార్డు మాత్రం ఎత్తారని మన టీచరు రాసుకున్నారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఫలితాలను పేర్లతో సహా గోడ మీది తెరకెక్కించే వీలు ఇందులోనూ ఉంది. ఎక్కిస్తే మళ్ళీ మొదటికే వస్తాం. ఆయన ఎక్కించలేదు. ఎంతమంది ఏ, ఎంతమంది బి అన్న లెక్క మాత్రం చూపించి, 'బి అన్నవాళ్ళు ఎందుకు అనుకుని ఉంటారు?' అని అడిగేవారు. బి అన్నవాళ్ళనే అడగలేదు, అందర్నీ అడిగారు. ఎవరి తప్పో తెలియని తప్పు అందరి తప్పయింది. అప్పుడు మాటలొచ్చాయి.

బొమ్మల ప్రయోగాల దగ్గరికి వస్తే ఫెట్ గురించి చెప్పుకోవాలి. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ తీసుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పని ఇది. డబ్బు కట్టక్కర్లేదు. చాలా ప్రయోగాలను ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. కరెంటు పాఠానికి అందులో ఒక ప్రయోగం ఉంది. బ్యాటరీలు, తీగలు, బల్బులు పక్కన పెట్టి ఉంటాయి, లాక్కొచ్చి కలుపుకోవాలి. కలిపితే బల్బు వెలుగుతుంది. రెండు కొసల్నీ నేరుగా కలిపేస్తే బ్యాటరీకి మంట అంటుకుంటుంది. పిల్లలు మొదట చేసే పని అదే, బ్యాటరీని తగలబెట్టడం. ఒకరి తర్వాత ఒకరు తగలబెడతారు. తర్వాత ఎందుకు తగలబడుతోందో చూస్తారు.

ఇది పైకి పిల్లచేష్టలా కనిపిస్తుంది. కానీ ప్రభుత్వ బడుల్లో ప్రయోగశాల ఎట్లా ఉంటుందో తలచుకోండి. బీరువాకి తాళం. తాళం ఎవరి దగ్గరో. పరికరం పగిలితే ఎవరు కట్టాలి అన్న భయం టీచరుకే ఉంటే పిల్లవాడికి ఎంతుండాలి? అందులోనూ ఏ పిల్లవాడికి ఎక్కువుండాలి? కొన్ని బడుల్లో దళిత పిల్లల చేత గదులు ఊడిపించారు, మరుగుదొడ్లు కడిగించారు. అట్లాంటి చేతులకు గాజు పరికరాలు ఇవ్వడానికి మాత్రం చాలా ఆలోచిస్తారు. అందుకే తగలబెట్టినా నష్టం లేని బ్యాటరీ మాకు గొప్ప విషయంగా కనిపిస్తుంది. దాని వెనక తిట్టు లేదు, లెక్కరాసే చిట్టా లేదు. నిజమైన తీగకు, నిజమైన బ్యాటరీకి ఇది బదులు అని మేమనడం లేదు. బీరువా తాళం తియ్యనక్కర్లేదని దీన్ని చూపించి ఎవరైనా అంటే ఒప్పుకోం. తాళం తీసిన రోజున వణక్కుండా చెయ్యి చాపడానికి ఇది పనికొస్తుందంటున్నాం.

ఫెట్ మీద మా ఫిర్యాదు వేరు. శక్తి పాఠానికి వాళ్ళు పెట్టింది స్కేటింగ్ పార్కు. చక్రాల పలక మీద నిలబడి లోయలాంటి దారిలో జారుతూ ఎక్కుతూ ఉండే మనిషి. అమెరికా పిల్లకు అది వీధి ఆట. పాలమూరు పిల్లకు ముందు ఆ పలక ఏంటో చెప్పాలి, తర్వాత శక్తి చెప్పాలి. అమెరికావాళ్ళు వాళ్ళ పిల్లల ఆటను పెట్టుకున్నారు, అది తప్పు కాదు. మనవాళ్ళు ఏం పెట్టారన్నది ప్రశ్న. మన పాఠ్యపుస్తకంలోనూ మీట సూత్రం అనగానే పార్కులో ఊగే సీసా బల్లే కదా బొమ్మ వేస్తారు! ఏ గూడెంలో పార్కు ఉంది? ఏతం ఉండేది. పొలానికి నీళ్ళు తోడే ఏతం మీటే. తోలు బొక్కెనతో మోట లాగేవాళ్ళు, గిలక మీద తాడు. ఆ తోలును ఊనబెట్టి, పదును చేసి, నీళ్ళు కారకుండా కుట్టింది మాదిగ చెయ్యి. తోలు కుళ్ళకుండా ఆపే తంగేడు చెక్కలో ఉన్నది రసాయన శాస్త్రమే. ఊరికి అన్నం పెట్టిన ఈ శాస్త్రం ఏ పుస్తకంలోకీ రాలేదు, ఎందుకంటే అది చేసినోళ్ళు పుస్తకం రాసేవాళ్ళు కాదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' ఈ లోటునే పట్టుకుంది. కుమ్మరి, చాకలి, మాదిగ, ఆదివాసీల పనిలో ఉన్న జ్ఞానాన్ని, ఆ పని గౌరవాన్ని పిల్లలకు చెప్పింది. పుస్తకంలో వచ్చిన ఆ మాట తెర మీదికి ఇంకా రాలేదు. బోర్డు మీద లేనివాడు స్మార్ట్ బోర్డు మీద మాత్రం ఎట్లా ఉంటాడు?

భాష గురించి ఒక మాట. ఈ ప్రయోగాలను తెలుగులోకి తేవాలనగానే మన పండితులు చేసే పని తెలిసిందే. 'వైరు' అని పిల్లలు అంటుంటే 'వాహకం' అంటారు, 'కరెంటు' అంటే తప్పని 'విద్యుత్ ప్రవాహం' అంటారు. ఇంగ్లీషు రాని పిల్లకు సంస్కృతం వచ్చునా? ఇటు ఇంగ్లీషూ దూరమే, అటు ఈ తెలుగూ దూరమే. దీన్ని చూపించి ఇంగ్లీషు మీడియం వద్దనే వాదానికి మేము మద్దతు ఇస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం అని జీవో 81 తెచ్చినప్పుడు తెలుగు తల్లి కోసం కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో చదివారో అడిగినవాళ్ళలో మేమూ ఉన్నాం. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ తగాదా అట్లా ఉంచితే, ఇంగ్లీషు మన హక్కు. గడియారం పెట్టి, సెకనుకిన్ని పాయింట్లు కోసి ఇంగ్లీషు చదివించడం మాత్రం హక్కు ఇవ్వడం కాదు. కింద ఇంటి తెలుగూ పైన ఇంగ్లీషూ రెండూ కనిపించేట్టు, పిల్ల ఆగి చదువుకునేట్టు ఉండాలి.

ఇక ప్రభుత్వాల సంగతి. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలైంది. అందులో బైజూస్ కంపెనీ పాఠాలు ఎక్కించి ఇచ్చారు. గూడెం పిల్ల చేతిలో ట్యాబు పడటాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. 'ట్యాబులిస్తే సినిమాలు చూస్తారు' అని వెటకారం చేసినోళ్ళ ఇళ్ళల్లో పిల్లలు ట్యాబులతో ఏం చేస్తున్నారో మాకు తెలియనిది కాదు. కానీ ఆ పాఠాలు ఎవరివి? 2024 జులై 16న అదే కంపెనీ మీద దివాలా ప్రక్రియకు బెంగుళూరు కంపెనీ లా ట్రిబ్యునల్ అనుమతించింది. బడిలో నల్లబల్ల ఎప్పుడూ దివాలా తియ్యలేదు. లక్షల పిల్లల చదువును ఒక కంపెనీ లెక్కల పుస్తకానికి కట్టెయ్యడంలో ఉన్న ప్రమాదం ఇది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ పాఠాలు ఎక్కువగా వీడియోలు. చూడటమే తప్ప తిరిగి అడిగేది లేదు. తెరలో మాస్టారు చెప్తాడు, పిల్లవాడు వింటాడు. గురువు నోటి వెంట వచ్చిందే వేదం అన్న పద్ధతి ఇందులో ఏం మారింది?

సమాచారం గురించి మన ఉద్యమాలు పెద్దగా పట్టించుకోలేదు. 2017లో కేంద్రం దీక్ష అన్న వేదిక పెట్టింది, పాఠ్యపుస్తకాల్లో దాని క్యూఆర్ కోడ్‌లు అచ్చయ్యాయి. దానికి సంబంధించిన సర్వరు ఒకటి కాపలా లేకుండా ఉండిపోయి పది లక్షల మందికి పైగా టీచర్ల వివరాలు, దాదాపు ఆరు లక్షల మంది పిల్లల వివరాలు బయటపడ్డాయని 2023 జనవరిలో పత్రికల్లో వచ్చింది. ఎవరికైనా ఇది నష్టమే. మన పిల్లల విషయంలో నష్టం రెండింతలు. బడి రికార్డులో పిల్లవాడి పేరు పక్కన కుల వర్గం గడి ఉంటుంది. దాని పక్కన ఎన్ని తప్పులు చేశాడో, ఎంత నెమ్మదిగా నొక్కాడో కూడా చేరితే, రేపు దాన్ని ఎవరు ఎట్లా చదువుతారో చెప్పనక్కర్లేదు. తరగతి గదిలో ఇచ్చిన చాటును కంప్యూటరు గదిలో లాగేసుకోవడం అన్నమాట.

1882లో హంటర్ కమిషన్ ముందుకు వెళ్ళిన జోతిరావు ఫూలే ప్రాథమిక పాఠశాల టీచర్లు దాదాపు అందరూ బ్రాహ్మణులేనని ఎత్తిచూపి, సాగుచేసుకునే కులాల నుంచి, అవసరమైతే నాగలి పట్టగలిగిన వాళ్ళను టీచర్లుగా తీసుకోమన్నాడు. ఆయన అడిగింది పలకా బలపమూ కాదు, మనిషిని. ఈ మాట ఈనాటి చర్చలో ఎక్కడా వినపడదు. టీచరు పోస్టు ఖాళీగా ఉన్న చోట తెర బిగించి నింపేశామనుకుంటున్నారు. మన టీచరు నోటుపుస్తకంలో 'మాట్లాడనివారు' గడి ఏ కంపెనీ ఇచ్చింది కాదు. ఒకప్పుడు తను ఆ గడిలో ఉన్నారు కాబట్టి ఆ గడి గీశారు. బ్యాటరీ తగలబెట్టనిచ్చిందీ, బి అన్నవాళ్ళ పేర్లు బయటపెట్టనిదీ ఆయనే. ఇంకో టీచరు చేతిలో అవే కార్డులు అవమానం చేసే పనిముట్లు కాగలవు.

ఆ టీచరు ఈ మధ్య చేసిన ఒక ప్రయత్నం చెప్పి ఆపుతాం. జియోజీబ్రా అని గణితం బొమ్మల సాధనం ఒకటి ఉంది, అదీ ఉచితమే. అందులో ఒక గీత, దాని మీద అటూ ఇటూ జరిగే చుక్క పెట్టి మీట సూత్రం చెప్పబోయారు. 50 కిలోల బరువు ఆధారం నుంచి 2 మీటర్ల దూరంలో ఉంటే, అవతల 4 మీటర్ల దూరంలో 25 కిలోలను నిలబెడుతుంది. ఇదేంటి సార్ అని ఒక పిల్లవాడు అడిగితే ఏతం అన్నారు. చాలామంది చూడలేదు. ఆదివారం చూడటానికొచ్చిన ఒక తాత చెప్పాడు: మా దగ్గర ఏతం అట్లా ఊరికే ఊగదయ్యా, దూలం మీద మనిషి నడుస్తాడు. బావి వైపు నడిస్తే బొక్కెన దిగుతుంది, వెనక్కి నడిస్తే లేస్తుంది. జారితే నడుం విరుగుద్ది. పిల్లలు మళ్ళీ ట్యాబు దగ్గరికి వచ్చారు. ఆధారం దగ్గర చుక్క ఒక్కటే ఉంటే సరిపోదు, దూలం మీద నడిచే ఇంకో చుక్క కావాలన్నారు. పెట్టారు. ఆ చుక్క నడిచిన కొద్దీ అవతలి బరువు లేవడం, దిగడం మొదలైంది. ఎక్కడ నిలబడితే పాతిక లీటర్ల బొక్కెన లేస్తుంది, మనిషి సన్నగా ఉంటే ఇంకా ఎంత వెనక్కి నడవాలి, దూలం బరువు కూడా లెక్కెయ్యాలా వద్దా అని ఆ పూటంతా తగాదా పడ్డారు. ఆ రోజు గడిలో రెండు పేర్లున్నాయి. ఆ చుక్కకు పేరు పెట్టాలని ఒక పిల్ల అంది. ఏం పేరు పెట్టాలన్నది ఇంకా తేలలేదట.